దాచుకున్న సొమ్మా, తరాల మధ్య ఒప్పందమా?

అమెరికాలో ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా పదవీవిరమణ రాజకీయ వివాదంగా మారుతుంది. ముక్కూ మొహమూ తెలియనివారు సైతం ఇంటర్నెట్‌లో ఒకరినొకరు సోమరులనీ, స్వార్థపరులనీ నిందించుకుంటారు. ఈ వాదాలలో మూడు మాటలు తరచుగా వినబడతాయి. సోషల్ సెక్యూరిటీ నేను దాచుకున్న సొమ్ము అన్నది మొదటిది. ఆ నిధి త్వరలో దివాలా తీస్తుందన్నది రెండవది. మనుషుల ఆయువు పెరిగింది కనుక పదవీవిరమణ వయసునూ పెంచాలన్నది మూడవది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ ఏదీ పూర్తి నిజం కాదు.

మొదటి మాటను పరీక్షించడానికి ఒక పాత ఖాతా చాలు. అధ్యక్షుడు రూజ్వెల్ట్ 1935 ఆగస్టు 14న సోషల్ సెక్యూరిటీ చట్టంపై సంతకం చేశాడు. నెలవారీ పింఛనులో మొదటి చెక్కు 1940 జనవరిలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఐడా మే ఫుల్లర్‌కు అందింది. ఆమె మూడేళ్ళలో చెల్లించిన పన్ను మొత్తం 24.75 డాలర్లు. ఆమెకు వచ్చిన మొదటి చెక్కు విలువ 22.54 డాలర్లు. అది దాచుకున్న సొమ్మే అయితే రెండవ నెలలోనే అయిపోవలసింది. ఆమె నూరేళ్ళు బతికి, 1975లో మరణించే నాటికి దాదాపు 22,889 డాలర్లు అందుకుంది. ఆ సొమ్ము అప్పట్లో పనిచేస్తున్నవారు చెల్లించిన పన్నుల నుంచి వచ్చింది. నేటికీ పద్ధతి ఇదే. ఉద్యోగి 6.2 శాతం, యజమాని 6.2 శాతం చెల్లిస్తే, అందులో అధికభాగం నేటి వృద్ధుల పింఛనుగా వెళ్ళిపోతుంది.

అలాగని ఇది దానమూ కాదు. జీవితంలో అత్యధికంగా సంపాదించిన 35 ఏళ్ళ సగటును బట్టి పింఛను లెక్కకడతారు. ఆ సగటులో తొలి భాగానికి 90 శాతం, తరువాతి భాగానికి 32 శాతం, ఆపై భాగానికి 15 శాతం చొప్పున లెక్క కనుక, తక్కువ జీతగాళ్ళకు చెల్లించినదానితో పోలిస్తే ఎక్కువ దక్కుతుంది. అయితే న్యాయస్థానం దృష్టిలో ఇది ఆస్తిహక్కు కాదు. బల్గేరియా నుంచి వలస వచ్చిన నెస్టర్ అనే వ్యక్తి 1936 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు పన్ను కట్టాడు. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో సభ్యుడన్న కారణంతో ప్రభుత్వం 1956లో ఆయనను దేశం నుంచి పంపివేసి, పింఛను నిలిపివేసింది. 1960లో సుప్రీం కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో ఆ చర్యను సమర్థించింది. పింఛను నియమాలను మార్చే అధికారం కాంగ్రెసుకు ఉందన్నది ఆ తీర్పు సారాంశం.

ఇక దివాలా సంగతి. ధర్మకర్తల 2025 నివేదిక ప్రకారం పదవీవిరమణ నిధిలోని నిల్వ 2033లో అయిపోతుంది. అప్పటికీ పన్నుల రాబడి ఆగదు కనుక, చట్టం హామీ ఇచ్చిన పింఛనులో 77 శాతం చెల్లించవచ్చు. ఇది చిన్న కోత కాదు, కానీ శూన్యమూ కాదు. ఇటువంటి సంక్షోభమే 1983లో ఎదురైనప్పుడు, గ్రీన్‌స్పాన్ సంఘం సిఫార్సుల తరువాత రీగన్ ప్రభుత్వమూ ప్రతిపక్షమూ రాజీపడి పన్నులను పెంచాయి. పింఛను మీదా కొంత పన్ను వేశాయి. పూర్తి పింఛను వయసును 65 నుంచి 67కు క్రమంగా పెంచాయి.

మూడవ మాటకు ఇక్కడే బలం చిక్కింది. 1935లో సగటు ఆయుర్దాయం 65కు లోపే ఉండేది కనుక, ఎవరికీ చెల్లించనవసరం లేకుండానే ఆ వయసును ఎంచుకున్నారని వాదిస్తారు. ఇది గణాంకాన్ని తప్పుగా చదవడమే. పుట్టుకనాటి ఆయుర్దాయం తక్కువగా కనబడడానికి ముఖ్యకారణం శిశుమరణాలు. 1940లో 65 నిండిన పురుషుడు సగటున మరో 12.7 ఏళ్ళు, స్త్రీ 14.7 ఏళ్ళు బతికేవారు. 1990 నాటికి అవి 15.3, 19.6 అయ్యాయి. పెరుగుదల నిజమే, కానీ అనుకున్నంత పెద్దది కాదు. పైగా అది అందరికీ సమానంగా దక్కలేదు. రాజ్ చెట్టి బృందం 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అమెరికాలో అత్యంత సంపన్నులైన ఒక శాతం పురుషులకూ, అత్యంత పేదలైన ఒక శాతం పురుషులకూ ఆయుర్దాయంలో తేడా 14.6 ఏళ్ళు. వయోపరిమితి పెంచితే ఇళ్ళ కప్పులు వేసే కూలీ మీదా, కంప్యూటర్ ముందు కూర్చునే ఇంజినీరు మీదా ఒకే బరువు పడదు.

పదవీవిరమణ వయసు కేవలం లెక్కల వ్యవహారం కాదని తెలుగువారికి తెలియనిది కాదు. అమెరికా వయసును పెంచిన ఆ 1983లోనే, యువతకు ఉద్యోగావకాశాలు కల్పించాలంటూ ఎన్. టి. రామారావు ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. 1984లో అది మళ్ళీ 58 అయింది. తరువాతి దశాబ్దాలలో తెలంగాణ 61కి, ఆంధ్రప్రదేశ్ 62కు పెంచాయి. ఏ తరం తప్పుకోవాలి, ఏ తరం భరించాలి అన్న ప్రశ్నకు ప్రతి ప్రభుత్వమూ తన రాజకీయాన్ని బట్టి జవాబు చెప్పింది.

అమెరికాలోని తెలుగువారికి ఈ ఒప్పందంలో మరో చిక్కు ఉంది. పింఛనుకు సాధారణంగా 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ళ పని, కావాలి. హెచ్-1బి వీసా గడువు సాధారణంగా ఆరేళ్ళే, అంటే 24 క్రెడిట్లు. గ్రీన్ కార్డు దరఖాస్తు ఉంటే గడువు పొడిగించుకోవచ్చు. అది లేక తిరిగి వెళ్ళినవారికి, వారు కట్టిన పన్ను మీద పింఛను రాదు. 1978లో ఇటలీతో మొదలుపెట్టి అమెరికా సుమారు 30 దేశాలతో సేవాకాలాలను కలిపి లెక్కించే ఒడంబడికలు చేసుకుంది. వాటిలో భారతదేశం లేదు. భారతదేశానికి కెనడాతోనూ, జర్మనీతోనూ అటువంటి ఒడంబడికలు ఉన్నాయి. ఇక పిల్లల దగ్గరికి ముదిమిలో వచ్చిన తల్లిదండ్రులకు ఈ దేశంలో పనిచేసిన చరిత్ర ఉండదు. పేద వృద్ధులకిచ్చే సహాయం పౌరులు కానివారికి అందడాన్ని 1996 చట్టం బాగా కుదించింది.

కనుక ఒకే వీధిలో ఉండే మూడు తెలుగు కుటుంబాలకు ఈ వ్యవస్థ మూడు రకాలుగా కనబడుతుంది. ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన పౌరుడికి అది హక్కు. ఆరేళ్ళు కట్టి వెళ్ళిపోయేవాడికి అది తిరిగిరాని పన్ను. అరవైయేళ్ళు దాటి వచ్చిన తల్లికి అది మూసిన తలుపు. ఎవరి అనుభవం వారిచేత అలా మాట్లాడిస్తుంది. అవతలివారిని స్వార్థపరులని తీర్మానించే ముందు, వారు ఈ ఒప్పందంలో ఏ తరంవారో, ఎన్నేళ్ళ భాగస్వాములో తెలుసుకుంటే వాదన కనీసం అసలు ప్రశ్న దగ్గరికి వస్తుంది. 2033లో తగ్గబోయే 23 శాతాన్ని ఎవరు, ఎంతెంత భరించాలన్నదే ఆ ప్రశ్న.