లేచి వెళ్ళలేని శ్రోత

బస్సుల్లోనూ రైళ్ళలోనూ మతప్రచారం చేయవచ్చునా అన్నది సాహిత్య పత్రికలో చర్చించదగ్గ విషయం కాదని కొందరు మిత్రులు అనుకోవచ్చు. కాని ఈ ప్రశ్నలో మతం కన్న ముఖ్యమైన విషయం మరొకటుంది. చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఎలాంటి సంబంధం ఉండాలి అన్నదే ఆ విషయం. సాహిత్యానికి పునాది కూడా ఆ సంబంధమే. అందుచేత దీనిని పోలీసులకూ ప్లీడర్లకూ వదిలేసి రచయితలు ఊరుకోవటం సరికాదని నా అభిప్రాయం.

ముందుగా నేను చూసిన సంఘటన చెబుతాను. ఒకరోజు బడి వదిలాక పల్లెబస్సు ఎక్కాను. కాలు పెట్టే సందు లేదు. రెండు స్టాపులు దాటాక ఒకాయన చిన్న పుస్తకం చేత్తో పట్టుకుని, పాపం గురించీ రక్షణ గురించీ చెప్పటం మొదలుపెట్టాడు. చెప్పులు అరిగిపోయిన మనిషి. గొంతు కూడా పెద్దది కాదు. కాసేపటికి వెనక సీట్లోంచి ఎవరో "ఇది బస్సా, మీటింగు హాలా?" అని కసిరారు. కండక్టరు వచ్చి ఆయనను తరువాతి స్టాపులో దించేశాడు. బస్సులో అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేనూ అనుకున్నాను. బస్సు మళ్ళీ కదిలాక గాని నాకు ఒక సంగతి తట్టలేదు. బస్సెక్కినప్పటి నుంచీ డ్రైవరు తలమీది స్పీకర్లో భక్తిపాటలు మోగుతూనే ఉన్నాయి. ఆయన మాట్లాడుతున్నప్పుడూ మోగాయి, దిగిపోయాకా మోగాయి. దానిని మాలో ఎవరమూ ప్రచారం అనుకోలేదు. ముందు సీట్లో బుర్ఖా వేసుకున్న ఒకావిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమె ఏమనుకున్నదో అడిగినవారు లేరు.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఆ మనిషిని ఆపటం న్యాయమేనా? రెండు, న్యాయమే అయితే పాటను ఆపకపోవటం ఏం న్యాయం?

మొదటిది చూద్దాం. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కును మన రాజ్యాంగం 25వ అధికరణంలో స్పష్టంగా ఇచ్చింది. "ప్రచారం" అన్న మాట ఉండాలా వద్దా అని 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో గట్టి వాదోపవాదాలు జరిగాయి. చివరికి ఆ మాట నిలిచింది. కనుక ఆ మనిషి చెప్పదలచుకున్నది నేరం కాదు. అయితే ఆ హక్కు ప్రజాశాంతికీ, నీతికీ, ఆరోగ్యానికీ, ఇతర ప్రాథమిక హక్కులకూ లోబడినదని కూడా అదే అధికరణం చెబుతోంది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కు అంటే తన మత సూత్రాలను వివరించే హక్కే గాని ఇతరులను మతం మార్చే హక్కు కాదని తీర్పు చెప్పింది. 2000లో మద్రాసుకు చెందిన ఒక ప్రార్థనామందిరం కేసులో, ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పలేదని అదే కోర్టు అన్నది.

ఉపాధ్యాయుడిగా నాకు బాగా తెలిసిన అధికరణం 28వది. ప్రభుత్వ గుర్తింపో సహాయమో ఉన్న బడిలో పిల్లవాణ్ణి పెద్దల సమ్మతి లేకుండా మతబోధలో కూర్చోబెట్టరాదు. కారణం తేలికే. పిల్లవాడు తరగతిలోంచి లేచి వెళ్ళలేడు. బస్సులోని ప్రయాణికుడి స్థితి దీనికి ఎంత దూరం? టిక్కెట్టు కొన్నది ఊరు చేరటానికి. మధ్యలో దిగిపోతే ఆ పూట కూలి పోతుంది, ఆస్పత్రి వేళ దాటిపోతుంది.

మన పాత ప్రచారకులు ఈ సంగతి ఎరిగినవారే. ధనుర్మాసంలో తలమీద అక్షయపాత్రతో వచ్చే హరిదాసు ఏ గడప ముందూ చెయ్యి చాచడు. ఇష్టమున్న ఇల్లాలు బియ్యం పోస్తుంది, లేకుంటే ఆయన కీర్తన సాగుతూనే పక్కింటికి పోతుంది. ఊరి నడుమ బుర్రకథ చెప్పేవాడికి ఎదురుగా ఉన్న జనం ఏ క్షణమైనా లేచి పోగలరు. వాళ్ళను కూర్చోబెట్టవలసింది అతని విద్యే. హాస్యం, తందాన, కథను ఆపే చోటు, ఇవన్నీ ఆ అవసరంలోంచి పుట్టినవే. శ్రోతకు లేచి వెళ్ళే స్వేచ్ఛ ఉన్నందువల్లనే శిల్పం అవసరమైంది. తలుపు మూసిన బస్సులో మాట్లాడేవాడికి ఆ అవసరం లేదు. అతను ఒప్పించనక్కరలేదు, వినిపిస్తే చాలు.

ఈ చిక్కు మనది మాత్రమే కాదు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ట్రాములు, బస్సులు నడిపే కంపెనీ వాటిలో రేడియో పెట్టి పాటలూ ప్రకటనలూ వినిపించేది. ప్రయాణికులు కోర్టుకు వెళ్ళారు. 1952లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీ పక్షమే తీర్పు ఇచ్చింది. న్యాయమూర్తి డగ్లస్ మాత్రం, వినక తప్పని స్థితిలో ఉన్నవాడి స్వేచ్ఛ ఏమవుతుందని విభేదించారు. ఫ్రాంక్‌ఫర్టర్ అనే మరో న్యాయమూర్తి, ఆ మోతకు తానూ బాధితుణ్ణేనని, నిష్పాక్షికంగా ఉండలేనని చెప్పి విచారణ నుంచి తప్పుకున్నారు.

ఇక రెండో ప్రశ్న. అసలు పరీక్ష ఇక్కడే ఉంది. అల్పసంఖ్యాకుడు నోరు విప్పితే అది ప్రచారంగా వినిపిస్తుంది. అధికసంఖ్యాకుల పాట గాలిలాగా, అలవాటులాగా వినిపిస్తుంది. ఆధిపత్య భావజాలం లక్షణమే ఇది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదా అనేవారున్నారు. ఆ నిశ్శబ్దంలో సమ్మతి ఎంతో, భయం ఎంతో ఎవరు కొలిచారు? పైగా ప్రచారకుడికి ఉన్నది తన గొంతు ఒక్కటే. స్పీకరు వెనక వాహనం నడిపేవాడి అధికారం ఉంది. ఏ ఒక్కదానికైనా ఎక్కువ సంకోచించవలసి ఉంటే అది స్పీకరు విషయంలోనే.

అయితే అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. బొంబాయి లోకల్ రైళ్ళలో రోజూ గంటల తరబడి ప్రయాణించే ఉద్యోగులు, కార్మికులు ఒక చోట చేరి తాళాలతో భజన చేసుకుంటారు. వాళ్ళకు దొరికే తీరిక అదే. దానిని వెక్కిరించటం అభ్యుదయం కాదు. కాని ఆ పెట్టెలో రాత్రి షిఫ్టు చేసి నిద్రకు వాలిన మనిషి కూడా కార్మికుడే. పక్కవాడితో దేవుడి గురించి మాట్లాడటం సంభాషణ. అతను చాలు అంటే ఆగుతుంది. బస్సంతటినీ సభగా మార్చటం అలాంటిది కాదు.

ఈ గీత మనకూ వర్తిస్తుంది. మనవాళ్ళూ రైలుపెట్టెల్లో పాటలు పాడారు, ఉపన్యసించారు. కరపత్రం చేతికివ్వటం తప్పు కాదు, అక్కరలేనివాడు మడిచి పక్కన పెడతాడు. కాని మన విషయం మంచిది కనుక వినక తప్పదు అన్నామా, ఆ రోజు దిగిపోయిన మనిషికీ మనకూ తేడా ఏముంది? ఆయనా తన విషయం మంచిదనే నమ్మాడు.

పాఠకుడు పుస్తకం మూసేయగలడు. రచయితను జాగ్రత్తగా రాయించేది ఆ భయమే. ఆ స్వేచ్ఛను బస్సులోని శ్రోతకు కూడా దక్కనివ్వాలి. ఆపితే ఇద్దరినీ ఆపాలి. ఆ పనికి ముందుగా ఆ స్పీకరు మీద చెయ్యి వేయాలి. ఆ సాయంత్రం నేను ఆ మాట అనలేదు. ఈ వ్యాసం రాయటానికి కారణం అదే.