7.4 కంపైలేషన్ ఆగిపోతే దోషాన్ని ఎలా కనుక్కోవాలి?

ల్యాబ్‌వ్యూలో బొమ్మల రూపంలో ప్రోగ్రాం గీయడం గత భాగంలో నేర్చుకున్నారు. ఆ ప్రోగ్రాంను ఎఫ్.పి.జి.ఎ. చిప్‌లోకి పంపాలంటే ముందుగా కంపైల్ చేయాలి. చాలామంది అభ్యాసకులు అధైర్యపడేది ఇక్కడే. గంటసేపు ఎదురుచూశాక కంపైలేషన్ విఫలమైందని తెరపై కనిపిస్తుంది. తీగలన్నీ సరిగానే కలిపాను కదా, తప్పెక్కడ ఉంది అనిపిస్తుంది.

మామూలు కంప్యూటర్‌లో ప్రోగ్రాం అంటే ప్రాసెసర్ వరుసగా పాటించే ఆదేశాలు. ఎఫ్.పి.జి.ఎ.లో అలా కాదు. 1985లో జైలింక్స్ సంస్థ తెచ్చిన మొదటి ఎఫ్.పి.జి.ఎ.లో 64 లాజిక్ బ్లాకులు ఉండేవి. నేటి పెద్ద చిప్‌లలో ఇవి లక్షల్లో ఉంటాయి. మీ బొమ్మను ఈ బ్లాకులతో నిజమైన సర్క్యూట్‌గా అమర్చడమే కంపైల్ చేయడం. మీరు పది కూడిక గుర్తులు పెడితే చిప్‌లో సాధారణంగా పది కూడిక సర్క్యూట్లు ఏర్పడతాయి. కాబట్టి బొమ్మలో తప్పు లేకపోయినా చోటు చాలకపోవచ్చు, లేదా సంకేతం సమయానికి చేరకపోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బస్తర్ ప్రాంతంలోని బైలదిల్లా కొండలపై తవ్విన ఇనుప ఖనిజం కన్వేయర్ బెల్టుల మీద కిందికి దిగి, కిరందుల్, బచేలిల నుండి రైలులో విశాఖపట్నం చేరుతుంది. మీలో కొందరు ఆ బెల్టులను చూసే ఉంటారు. అలాంటి బెల్టు వేగాన్ని కొలిచి, అది హద్దు దాటితే ఆపే ప్రోగ్రాంను మీరు అభ్యాసం కోసం గీశారనుకోండి.

ముందుగా రన్ బాణాన్ని చూడండి. అది విరిగినట్లు కనిపిస్తే దానిపై క్లిక్ చేయండి, తప్పుల జాబితా వస్తుంది. ఇది తేలికైన దశ. బాణం బాగానే ఉండి, ఫైళ్లు తయారయ్యేటప్పుడు పని ఆగితే, ఆ చోట వాడకూడని ఫంక్షన్‌ను వాడి ఉంటారు. ఉదాహరణకు, భాగఫలం–శేషం ఫంక్షన్ సింగిల్ సైకిల్ టైమ్డ్ లూప్‌లో పనిచేయదు.

చోటు చాలలేదని రిపోర్టు చెబితే ఫ్రంట్ ప్యానెల్‌పై ఉన్న పెద్ద అర్రేలను మొదట అనుమానించండి. అవి బ్లాకులను విపరీతంగా మింగేస్తాయి. వాటికి బదులు మెమరీ బ్లాకు వాడండి. 16 బిట్లు సరిపోయే చోట 32 బిట్లు పెట్టవద్దు.

అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది సమయ దోషం. సాధారణంగా గడియారం 40 మెగాహెర్ట్‌జ్‌లో నడుస్తుంది, అంటే ఒక్కో టిక్కు 25 నానోసెకన్లు. టైమ్డ్ లూప్‌లోని పని మొత్తం ఆ ఒక్క టిక్కులోనే ముగియాలి. గుణకారానికి 14, కూడికకు 8, పోలికకు 9 నానోసెకన్లు పడుతుందనుకుందాం. మొత్తం 31. ఇది 25 కంటే ఎక్కువ కాబట్టి కంపైలేషన్ విఫలమవుతుంది. గుణకారం తర్వాత ఒక ఫీడ్‌బ్యాక్ నోడ్ పెడితే దారి 14, 17గా విడిపోతుంది. అప్పుడు రెండు భాగాలూ 25 లోపే ఉంటాయి. ఫలితం మాత్రం ఒక టిక్కు ఆలస్యంగా వస్తుంది. బెల్టు విషయంలో ఆ ఆలస్యం లెక్కలోకి రాదు.

అయితే, ఆ లెక్క అసలు ఆ లూప్‌లో ఉండాలా అని ముందుగా అడగండి. బెల్టు సెకనుకు కొన్ని మీటర్లే కదులుతుంది. దాని వేగాన్ని సెకనుకు 4 కోట్ల సార్లు గుణించి చూడనవసరం లేదు. పల్సులను లెక్కించే పనిని టైమ్డ్ లూప్‌లో ఉంచి, మిగిలిన లెక్కను మామూలు లూప్‌లోకి మార్చండి. చాలా సమయ దోషాలు ఇంతటితోనే పోతాయని నా అనుభవం.

ప్రతి చిన్న మార్పుకూ కంపైల్ చేస్తూ కూర్చోవద్దు. కంప్యూటర్‌లోనే సిమ్యులేషన్ విధానంలో నడిపి తర్కాన్ని సరిచూసుకోండి. తర్వాతే కంపైల్ చేయండి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుండి చేయవలసి వస్తుంది కాబట్టి యూపీఎస్ ఉంటే మంచిది.

జాగ్రత్త: కంపైలేషన్ విఫలమైనా పాత బిట్‌ఫైలు డిస్కులో అలాగే ఉంటుంది. మీ హోస్ట్ ప్రోగ్రాం ఆ ఫైలునే తెరిచేలా అమర్చి ఉంటే చిప్‌లో పాత సర్క్యూటే నడుస్తుంది. బెల్టును ఆపే భాగాన్ని మీరు ఈ రోజే చేర్చి ఉంటే, అది చిప్‌లో ఉండదు. యంత్రానికి కలిపే ముందు బిట్‌ఫైలు తేదీ, సమయం తప్పక చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక టైమ్డ్ లూప్‌లో వరుసగా గుణకారానికి 12, పోలికకు 9, కూడికకు 8 నానోసెకన్లు పడుతుంది. గడియారం 40 మెగాహెర్ట్‌జ్. ఇది కంపైల్ అవుతుందా? కాకపోతే ఫీడ్‌బ్యాక్ నోడ్‌ను ఎక్కడెక్కడ పెట్టవచ్చు?