మిగులంతా వృథా కాదు

రైతు సోదర సోదరీమణులకు, విత్తనాలు, ఎరువుల వ్యాపారం నిర్వహించే డీలరు మిత్రులకు ఒక ప్రశ్న. మీ ఊరి చెరువుకు అలుగు ఎందుకు కట్టారు? తెలంగాణ ప్రాంతంలో మీరు దానిని మత్తడి అని పిలుస్తూ ఉండవచ్చు. ఏడాదిలో అధిక భాగం అది పొడిగానే ఉంటుంది. వానలు తక్కువైన సంవత్సరం దాని మీదుగా ఒక్క చుక్క కూడా పారదు. అయినప్పటికీ అది దండగమారి కట్టడమని మన పెద్దలు ఎన్నడూ అనలేదు. అలుగు లేని చెరువుకు పెద్ద వాన వచ్చిన నాడు కట్ట తెగుతుందని వారికి తెలుసు.

ఆంగ్లంలో ‘రిడండెన్సీ’ అనే పదం ఒకటి ఉంది. లాటిన్ భాషలో దాని మూలార్థం నీరు పొంగి పొర్లడమే. నేడు ఆ పదం బ్యాంకులలో, కంప్యూటర్ల పరిభాషలో, ఉద్యోగ వ్యవహారాలలో వేర్వేరు అర్థాలలో వినిపిస్తున్నది. మిగులు, అదనం, అనవసరం, పునరుక్తి అనే తెలుగు మాటలలో ఏ ఒక్కటీ దానికి పూర్తిగా సరిపోదు. ఈ అర్థాల మధ్య గల తేడాను గ్రహిస్తే మన సేద్యానికి, అప్పుసొప్పులకు మేలు కలుగుతుంది.

మాటలలో మిగులు

చెప్పిన అర్థాన్నే మళ్ళీ చెప్పడాన్ని వ్యాకరణవేత్తలు పునరుక్తి దోషమన్నారు. ‘పిన్ నంబరు’ అంటాము. పిన్ అనే సంక్షిప్త పదంలోని చివరి అక్షరమే నంబరు. ‘ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్’ అంటాము. అందులోని ‘సీ’ అంటేనే కోడ్. వినేవారికి విషయం స్పష్టమవుతున్నది కనుక ఈ దోషం వల్ల ఎవరికీ నష్టం లేదు.

బ్యాంకు కాగితాలలో మిగులు

చెక్కు మీద మొత్తాన్ని అంకెలలో వ్రాసిన తరువాత అక్షరాలలో మళ్ళీ ఎందుకు వ్రాయాలని మీకు అనిపించి ఉండవచ్చు. 5,000 అనే అంకెకు ముందు ఒకటి చేర్చి 15,000 చేయడానికి క్షణకాలం చాలు. ‘ఐదు వేల రూపాయలు మాత్రమే’ అని వ్రాసిన దానిని మార్చడం అంత సులభం కాదు. అంకెలకు, అక్షరాలకు తేడా వచ్చినప్పుడు అక్షరాలలో ఉన్న మొత్తమే చెల్లుబాటవుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతున్నది. ఆచరణలో అటువంటి చెక్కును బ్యాంకు తిప్పి పంపవచ్చు కూడా. కనుక రెండవసారి వ్రాసేది మొదటిదానికి కాపలా.

ఆధార్ సంఖ్యలోని 12 అంకెలలో చివరిది కూడా ఇటువంటిదే. అది ముందున్న 11 అంకెలను బట్టి లెక్కకట్టి చేర్చిన అంకె. నమోదు చేసేటప్పుడు ఒక అంకె పొరపాటు పడితే లెక్క కుదరక, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

పత్తి ప్యాకెట్టుతో వచ్చిన చిన్న సంచి

మన దేశంలో బీటీ పత్తి సాగుకు 2002లో అనుమతి లభించింది. 450 గ్రాముల బీటీ విత్తనాలతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనాల చిన్న సంచిని జతచేసి ఇచ్చేవారు. వాటిని చేను చుట్టూ వరుసలుగా విత్తాలన్నది నియమం. ‘పురుగు పట్టే విత్తనం మనకెందుకు?’ అని అనేకమంది రైతులు దానిని పక్కన పడవేశారు. దాని ప్రయోజనాన్ని వివరించి చెప్పిన డీలర్లు కూడా తక్కువే.

వాస్తవానికి ఆ సంచి పని వేరు. బీటీ మొక్కను తిని కూడా బ్రతికిన కొద్దిపాటి పురుగులు వాటిలో అవే జతకడితే, విషాన్ని తట్టుకొనే సంతతి పెరుగుతుంది. నాన్ బీటీ మొక్కల మీద పెరిగిన మామూలు పురుగులతో జతకడితే ఆ శక్తి వ్యాపించడం ఆలస్యమవుతుంది. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. ఒకటి విఫలమైతే రెండవది ఆదుకుంటుందన్నది అందులోని ఉద్దేశం. మొదటి రకాన్ని గులాబీ రంగు పురుగు తట్టుకుంటున్నట్లు 2010లో గుజరాత్‌లో వెల్లడైంది. 2015 తరువాతి సంవత్సరాలలో రెండవ రకం పత్తి కూడా గుజరాత్, మహారాష్ట్ర, తెలుగు రాష్ట్రాల చేలలో దానికి లొంగిపోయింది. పంటను వేసవి దాకా పొడిగించడం వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయి. అయినా గట్టు మీద వదిలేసిన ఆ చిన్న సంచికి ఇందులో భాగం ఉంది. తరువాత నాన్ బీటీ గింజలను బీటీ విత్తనాలలోనే కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది.

మనుషుల విషయంలో

ఉద్యోగ వ్యవహారాలలో ఈ పదానికి కఠినమైన అర్థం ఉంది. పని లేనందున కార్మికుని తొలగించడాన్ని బ్రిటన్‌లో ఈ పేరుతోనే పిలుస్తారు. మన దేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, అటువంటి కార్మికునికి పూర్తిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా నిర్ణయించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఇదే కొలతను నిలిపింది. పట్నంలో పని పోయి మీ ఇంటికి తిరిగివచ్చిన కుమారుడు ఉంటే ఒకటి గుర్తుంచుకోండి. అక్కరలేనిదైనది ఆ కొలువు మాత్రమే, మీ బిడ్డ కాదు.

ఏది ఉంచాలి, ఏది వదలాలి

అదనంగా కనిపించిన దేనినైనా వదిలే ముందు, ‘మొదటిది విఫలమైన నాడు ఇది అక్కరకు వస్తుందా?’ అని ప్రశ్నించుకోండి. మొలక రాని చోట తిరిగి విత్తడానికి దాచిన గుప్పెడు గింజలు, బీరువాలోని పాసుపుస్తకం నకలు, విత్తనాల బిల్లు, ఖాళీ ప్యాకెట్టు ఈ పరీక్షలో నెగ్గుతాయి. పంట దెబ్బతిన్ననాడు ఆ బిల్లే మీకు సాక్ష్యం. డీలరు మిత్రులు బిల్లు ఇవ్వడాన్ని, రైతులు అడిగి తీసుకోవడాన్ని మానరాదు.

అప్పు విషయంలోనూ ఇదే కొలత. 1998లో ప్రవేశపెట్టిన కిసాన్ క్రెడిట్ కార్డులో మీరు తీసుకున్న సొమ్ముకే వడ్డీ పడుతుంది. తీసుకోకుండా ఉంచిన పరిమితి ఆపదకు ఆసరాగా నిలుస్తుంది. అవసరం లేకున్నా తీసి ఇంట్లో ఉంచిన సొమ్ము, ఒకే పంటకు రెండు చోట్ల చేసిన అప్పు మాత్రం రాత్రింబవళ్ళు వడ్డీని పెంచుతాయే తప్ప ఆపదలో ఆదుకోవు.

పొడిగా ఉన్న అలుగును వృథా అనుకొని మట్టి పోసి పూడ్చకండి. అలాగని కట్ట పొడవునా అలుగులే కడితే చెరువులో నీరు నిలువదు. ఎంత మిగులు కావాలో లెక్క వేసుకొని ఉంచుకొనేవారే వివేకవంతులైన సేద్యగాళ్ళు.