బంగారు గనుల నేల మీద పాటల ఇచ్చిపుచ్చుకోలు

ఒకరికి ఇష్టమైన పాట మరొకరికి ఎలా ఇష్టమవుతుందన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా, సంగీత చరిత్రకారులూ సామాజిక శాస్త్రజ్ఞులూ దాని మీద చాలాకాలంగా పనిచేస్తూనే ఉన్నారు. అభిరుచి ఎవరికి వారికి పుట్టుకతో అబ్బేదని కొందరు నమ్మగా, పెంపకం, చదువు, సంపాదన, ఇరుగుపొరుగు కలిసి దాన్ని తయారుచేస్తాయని మరికొందరు వాదించారు. ఈ వాదాన్ని ఒక నేల మీద నిలబెట్టి చూడదలచినవారికి కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ప్రాంతమూ, దాని చుట్టూ ఉన్న కోలారు జిల్లా పల్లెలూ తగిన చోటు. నాలుగైదు భాషలవారు ఒకే పనిని నమ్ముకుని తరాల తరబడి పక్కపక్కనే బతికిన ఆ ప్రాంతంలో పాట భాషను సులువుగానే దాటింది; హోదానూ కులాన్నీ దాటడానికి మాత్రం దానికి చాలా ఎక్కువ కాలం పట్టింది.

గనుల చుట్టూ చేరిన జనం

జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ సంస్థ 1880 ప్రాంతంలో ఇక్కడ ఆధునిక పద్ధతిలో తవ్వకాలు మొదలుపెట్టిన తరువాత ఛాంపియన్ రీఫ్, మైసూరు, నందిదుర్గ్, ఊరుగాం గనుల చుట్టూ కొత్త ఊళ్ళు పుట్టాయి. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగలు లాగి ఈ గనులకు విద్యుత్తు తెచ్చారు. ఛాంపియన్ రీఫ్ గని క్రమంగా 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, ప్రపంచంలోని అతి లోతైన గనుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అంత లోతున పనిచేయడానికి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుంచి తమిళులూ తెలుగువారూ పెద్ద సంఖ్యలో వచ్చారు. ‘లైన్లు’ అని పిలిచే చిన్న చిన్న ఇళ్ళ వరసల్లో కూలీలు, వారికి పైన పర్యవేక్షకులుగా ఆంగ్లో ఇండియన్లు, అందరికీ పైన బంగళాల్లో యూరోపియన్ అధికారులు ఉండేవారు. చుట్టుపక్కల ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట తాలూకాల పల్లెల్లో తెలుగు ఇంటిభాషగా, కన్నడం బడిభాషగా, కచేరీ భాషగా సాగగా, పట్టణాల్లో ఉర్దూ కూడా తరచుగా వినిపించేది. ఇందువల్ల రెండు మూడు భాషలు అర్థం కావడమన్నది ఈ నేల మీద పండితులకే పరిమితమైన విషయం కాకుండా, సరుకులు కొనడానికీ పనిలో నిలబడడానికీ కావలసిన మామూలు అవసరమైంది.

గ్రామఫోనుకు ముందటి ఇచ్చిపుచ్చుకోలు

రికార్డులూ రేడియోలూ రాకముందే ఈ ప్రాంతంలో పాట భాషల మధ్య తిరిగింది. ముళబాగిలులో 15వ శతాబ్దంలో నివసించిన శ్రీపాదరాజులు కన్నడంలో దేవరనామాలు, అనగా సామాన్యులు పాడుకునే భక్తి కీర్తనలు రాసి, హరిదాస సాహిత్యానికి తొలి పునాదులు వేసినవారిలో ఒకరయ్యారు. అక్కడికి ఎంతో దూరం లేని చింతామణి తాలూకాలోని కైవారంలో యోగి నారేయణ, జనం వాడుకలో కైవారం తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పాడు. తత్వమంటే దేహం, మృత్యువు, గురువు వంటి విషయాలను పామరులకు అందే మాటల్లో చెప్పే పాట. ఆయన 1726లో పుట్టి 1836 వరకు జీవించాడని భక్తుల విశ్వాసం; గాజులమ్మి బతికిన ఇంటివాడు గనుక ఊరూరూ తిరగడమూ, ఎదుటివారి భాషలో మాట్లాడడమూ ఆయన వృత్తిలోనే ఉన్నాయి. కైవారం 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వెళ్ళినా, ఆ తత్వాలు పాడే భజన బృందాలకు జిల్లా సరిహద్దుతో పని లేకపోయింది. కన్నడం మాతృభాషగా ఉన్నవారు తాతయ్య తెలుగు తత్వాన్నీ, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు హరిదాసుల కన్నడ కీర్తననూ ఒకే భజనలో పాడుకోవడం ఈ ప్రాంతంలో వింత అనిపించదు. అదే చింతామణి తాలూకాలోని మురుగమల్ల దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్ళడం కూడా ఈ అలవాటుకు దగ్గరి విషయమే.

ఆల్బమ్ అనే రూపం

ఇరవయ్యో శతాబ్దంలో పాట వస్తువుగా మారి, చేతి నుంచి చేతికి అందేదయింది. నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు రికార్డులో ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాల సంగీతమే పట్టేది కనుక, పెద్ద కృతిని పలు రికార్డుల్లో నింపి, ఫొటోల పుస్తకం వంటి అట్టల సంపుటిలో పెట్టి అమ్మేవారు. ఆల్బమ్ అన్న పేరు అలా వచ్చింది. 1948లో కొలంబియా సంస్థ తెచ్చిన లాంగ్ ప్లే రికార్డు, అంటే ఎల్పీ, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా నిలవడంతో, పది పన్నెండు పాటలను ఒక వరసలో, ఒక ఉద్దేశంతో అమర్చే కళ ఏర్పడింది. దక్షిణాదిలో ఈ రూపానికి మంచి ఉదాహరణ తిరుమల తిరుపతి దేవస్థానాల కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల. ఐదు ఎల్పీలుగా వచ్చిన ఆ సంపుటి, తమిళ దేశంలో పుట్టి పెరిగిన గాయని గొంతుతో అన్నమాచార్యుల తెలుగు కీర్తనలను తెలుగు రాని ఇళ్ళకు కూడా చేర్చింది.

అయితే గ్రామఫోనూ ఎల్పీలూ కూలిడబ్బుతో కొనగలిగినవి కావు. సామాన్యుడి సంగీతాన్ని పెంచింది రేడియో. 1952లో కేంద్ర సమాచార మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలను దాదాపుగా లేకుండా చేయగా, శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. హిందీలో అమీన్ సయానీ, తెలుగులో మీనాక్షి పొన్నుదురై వంటి వ్యాఖ్యాతల గొంతులు ఇంటింటా పరిచితమయ్యాయి. ఆ పోటీకి జవాబుగానే 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలైంది. ఒకే స్టేషన్‌లో తమిళ కార్యక్రమం ముగియగానే తెలుగు కార్యక్రమం రావడం, టీ దుకాణంలో ఉన్న ఒకే ఒక్క రేడియోను అన్ని భాషలవారూ వినవలసి రావడం వల్ల, ఎవరూ పూనుకుని నేర్పకుండానే పక్కవాడి పాట చెవిన పడేది. శ్రోత తన పేరుతో పాటు తనవారి పేర్లు కూడా రాసి పంపే ‘కోరిన పాటలు’ వంటి కార్యక్రమాలు, అభిరుచిని నలుగురి ముందు చెప్పుకునే తొలి వేదికలుగా నిలిచాయి.

గొంతు ఒకటి, భాషలు నాలుగు

కోలారు వంటి చోట భాషల మధ్య పాట తేలికగా తిరగడానికి దక్షిణాది సినిమా పరిశ్రమ నిర్మాణమే ఒక ముఖ్య కారణం. చాలాకాలం నాలుగు భాషల చిత్రాలకూ మద్రాసే కేంద్రం కావడంతో, అవే స్టూడియోలు, అవే వాద్యబృందాలు, అవే గొంతులు అన్ని భాషలకూ పనిచేశాయి. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ కన్నడ నటుడు రాజ్‌కుమార్‌కు ఏళ్ళ తరబడి పాటగొంతుగా నిలిచాడు. తెలుగు గాయనులైన పి. సుశీల, ఎస్. జానకి తమిళులకూ కన్నడిగులకూ సొంత ఇంటివారయ్యారు. మైసూరుకు చెందిన రాజన్–నాగేంద్ర సోదరులు పంతులమ్మ, నాలుగు స్తంభాలాట వంటి తెలుగు చిత్రాలకు సంగీతం కూర్చగా, 1976లో అన్నక్కిళి అనే తమిళ చిత్రంతో వెలుగులోకి వచ్చిన ఇళయరాజా కొద్ది ఏళ్ళలోనే తెలుగు, కన్నడ శ్రోతలకూ ఆరాధ్యుడయ్యాడు. 1980లో వచ్చిన శంకరాభరణం తెలుగు మాటలతోనే పొరుగు రాష్ట్రాల్లో ఆడింది, కె.వి. మహదేవన్ కూర్చిన ఆ పాటలకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరామ్ జాతీయ పురస్కారాలు పొందారు.

ఇందులో అభిరుచికి సంబంధించిన ఒక సూత్రం ఉంది. తెలియని సంగీతంలోకి శ్రోత అడుగుపెట్టాలంటే అందులో తెలిసినదేదో ఒకటి ముందే ఉండాలి. జానకి గొంతును తమిళంలో ఇష్టపడినవారికి ఆమె కన్నడ పాట కొత్తదైనా పరాయిది కాదు. ఒక బాణీని తెలుగులో విన్నవారికి అదే బాణీ తమిళ రూపం సగం పరిచయమైనదే. గొంతో బాణీయో వాద్యమో వంతెనగా ఉన్నప్పుడు మాటలు అర్థం కాకపోవడం పెద్ద అడ్డంకి కాలేదు.

1980లలో ఆడియో కేసెట్ ఈ ఇచ్చిపుచ్చుకోలును మనుషుల చేతుల్లో పెట్టింది. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన ఈ చిన్న డబ్బీ భారతదేశంలో చౌకగా దొరకడం మొదలయ్యాక, ఖాళీ కేసెట్‌నూ పాటల చీటీనీ ఇస్తే కోరినవన్నీ నింపి ఇచ్చే దుకాణాలు ఊరూరా వెలిశాయి. అరవై నిమిషాల కేసెట్‌లో ఒక్కో వైపు ఆరేడు పాటలే పడతాయి గనుక ఏది ఉంచాలో ఏది వదలాలో ఆలోచించక తప్పేది కాదు. అలా ఏరి కూర్చిన కేసెట్‌ను స్నేహితుడికి ఇవ్వడమంటే పాటలతో పాటు తన ఎంపికను కూడా అతని తీర్పుకు అప్పగించడమే.

పాట దాటలేని గోడలు

భాష విషయంలో ఇంత ఉదారంగా ఉన్న ఈ ప్రాంతం అన్ని విషయాల్లోనూ అలాగే ఉందనుకుంటే పొరపాటు. ‘చిన్న ఇంగ్లండు’గా పేరుపడిన గనుల పట్టణంలో 1885లో ఏర్పడిన కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) క్లబ్బు అధికారుల వినోదానికి కేంద్రం. అక్కడి నృత్యసభల పాశ్చాత్య సంగీతానికీ కూలీల లైన్లలోని పాటకూ మధ్య ఉన్న దూరం భాషాభేదం కంటే చాలా పెద్దది. లైన్ల నుంచి బంగళాల వైపు పాట నడవడానికి దారే లేదు. ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు పియర్ బూర్ద్యూ 1979లో ప్రచురించిన గ్రంథంలో, మనుషులు తమ హోదాను చాటుకోవడానికీ ఇతరులను దూరంగా ఉంచడానికీ అభిరుచిని గుర్తుగా వాడుకుంటారని వివరించాడు. గనుల పట్టణపు అమరిక ఆ సూత్రానికి దగ్గరి ఉదాహరణ.

కులం గోడ ఇంకా ఎత్తయినది. కన్నడిగులు తమటె అనీ, తెలుగువారు పలక అనీ, తమిళులు పరై అనీ పిలిచే వాద్యాలు ఒకే కుటుంబానికి చెందినవి. గుండ్రటి చట్రం మీద తోలు బిగించి, వాయించే ముందు మంట సెగ చూపి శ్రుతి సరిచేసే డప్పు ఇది. మూడు భాషల పల్లెల్లోనూ వినిపించే ఈ వాద్యాన్ని మూడు భాషలవారూ దళితుల వెట్టిచాకిరీకి ముడిపెట్టారు కనుక, చావుకూ చాటింపుకూ అది కావలసివచ్చినా సంగీతంగా గౌరవం పొందలేదు. కర్ణాటకలో 1970లలో దళిత సంఘర్ష సమితి ఉద్యమం పుట్టిన తరువాత కొందరు ఆ చాకిరీని నిరాకరించగా, మరికొందరు అదే వాద్యాన్ని ఆత్మగౌరవ చిహ్నంగా వేదిక ఎక్కించారు. కవి, నాటకకర్త కోటిగానహళ్ళి రామయ్య తదితరులు కోలారు దగ్గరి తేరహళ్ళి కొండ మీద నెలకొల్పిన ఆదిమ సాంస్కృతిక కేంద్రం, పున్నమి రాత్రుల కార్యక్రమాల ద్వారా జానపద, ఉద్యమ గీతాలను పల్లెవారికీ పట్నవాసులకూ ఒకేచోట వినిపించింది. పూర్వపు కోలారు జిల్లాకు చెందిన తమటె కళాకారుడు పిండిపాపనహళ్ళి మునివెంకటప్పకు 2023లో పద్మశ్రీ లభించింది. చెవికి ఎన్నో తరాలుగా తెలిసిన వాద్యం గౌరవానికి నోచుకోవడానికి ఇంతకాలం పట్టిందంటే, అభిరుచికి పరిచయమొక్కటే చాలదని తేలుతుంది.

పరిశోధనలు చెప్పేది

1968లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జాయన్స్ ఒక విషయాన్ని మళ్ళీమళ్ళీ చూసినా విన్నా దాని మీద ఇష్టం పెరిగే అవకాశం ఉందని ప్రయోగాలతో చూపాడు. 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ ప్రచురించిన మరో ప్రయోగంలో పద్నాలుగు వేల మందికి పైగా పాల్గొని, అంతగా పేరులేని బృందాల 48 పాటలు విన్నారు. ఇతరులు ఏ పాటను ఎన్నిసార్లు తీసుకున్నారో కనిపించిన గుంపుల్లో కొన్ని పాటలు మితిమీరి పైకి లేచాయి; పైగా ఒక గుంపులో గెలిచిన పాట మరో గుంపులోనూ గెలుస్తుందన్న హామీ లేకపోయింది. మరీ మంచి పాట ఓడిపోవడం, మరీ చెడ్డ పాట గెలవడం అరుదే అయినా, మధ్యనున్నవాటి అదృష్టం ఎక్కువగా తొలి శ్రోతల చేతుల్లో ఉండింది. అందరూ వింటున్నారన్న కారణంతో వినే పాట వేరు, ఫలానా మనిషి ఫలానా కారణంతో చెప్పగా వినే పాట వేరు అన్న సంగతిని ఈ ఫలితాలు గుర్తుచేస్తాయి.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక ఇక్కడివారు వేల సంఖ్యలో పనికోసం రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్ళివస్తున్నారు. టీ దుకాణపు రేడియో స్థానంలో చెవుల్లో పెట్టుకునే పరికరాలు వచ్చాయి. ఫోనులోని సంగీత సేవలు శ్రోత ఇదివరకు విన్నదాన్ని లెక్కగట్టి, దానికి దగ్గరగా ఉన్నదాన్నే తరువాత అందిస్తాయి. అలా సూచించే గణిత పద్ధతినే అల్గారిథమ్ అంటున్నారు. 2018లో రవి బస్రూర్ సంగీతంతో వచ్చిన కేజీఎఫ్ చిత్రం పాటలు ఐదు భాషల్లో విడుదలై ఈ ఊరి పేరును దేశమంతటా మోగించినా, అదే పాట ఎవరి భాషలో వారికి విడిగా అందినందున పక్కవాడి భాషలో వినవలసిన అవసరం లేకపోయింది. కావలసినదంతా అరచేతిలో ఉన్నా, అడగనిది చెవిన పడే అవకాశం మాత్రం తగ్గింది.

ఒకప్పుడు ఇరుకు ఇళ్ళు, ఒకే రేడియో కలిసి చేసిన పనిని ఇప్పుడు మనుషులు పూనుకుని చేయవలసి ఉంది. మెచ్చిన కళాకారుడిని ఇతరులకు పరిచయం చేసేవారు వంద పాటల జాబితా పంపే బదులు ఒక్క ఆల్బమ్‌ను ఎంచుకుని, వినేవారికి ముందే తెలిసిన గొంతో వాద్యమో అందులో ఎక్కడుందో చూపి, దేనికోసం వినాలో రెండు మాటల్లో చెప్పాలి. వినేవారు దాన్ని కనీసం రెండు మూడుసార్లు విన్న తరువాతనే తీర్పు చెప్పి, బదులుగా తమకు ఇష్టమైనదొకటి ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంతవరకు ఎవరి సంగీతం మన ఇంటికి రాలేదో, అది రాకపోవడానికి కారణం భాషా, హోదానా, లేక కులమా అని పాఠకులు ఒక్కసారి తరచి చూసుకుని, ముందుగా ఆ పాటనే అడిగి వినడం మంచిది.