అద్దమునకు లోపలివారు

మన పట్టణములలో నర్సింగు హోమన్నచో డాక్టరుగారు నడుపు చిన్న ఆసుపత్రియని అర్థము. ఐరోపా, అమెరికా ఖండములలో ఆ మాటకు అర్థము వేరు. తమంతట తాము లేవలేని వృద్ధులు తుదివరకు నివసించు గృహమది. అచ్చటి ఆయాలు మందిచ్చి పోవువారు కారు. ఒకే ముసలమ్మకు ఏండ్ల తరబడి స్నానము చేయించి, తల దువ్వి, అన్నము తినిపింతురు. ఆమె కాఫీలో చక్కెర యెంతయో కన్నకూతురికంటె వారికే బాగుగ తెలియును.

2020వ సంవత్సరమున కోవిడ్ మహమ్మారి ఈ గృహములపై బడినది. కెనడాలో తొలి విడత మరణములలో నూటికి సుమారు 80 ఇట్టి గృహములలోనివే. స్పెయినులో ఆ మార్చి నెలయందు సైనికులు కొన్ని గృహములలోనికి పోయి చూడగా, దిక్కులేక పడకలపైననే మరణించిన వృద్ధులు కనబడిరి. సిబ్బందిని లోకము నిందించినది. విడిచిపోయినవారు లేకపోలేదు. కాని నిలిచినవారి మనస్సెట్లుండెను?

బంధువులను లోనికి రానీయరాదని నియమము. కూతురు అద్దము వెలుపల నిలిచి చేయి ఊపును. మతి తప్పిన తల్లికి అది యేమియు బోధపడదు. తన్ను విడిచిపెట్టిరని యేడ్చును. నియమము సరియైనదే కావచ్చును. తలుపు మూసిన చేయి మాత్రము ఆయాది. తాను ధర్మమని నమ్మినదానికి విరుద్ధముగా నడువవలసి వచ్చినవాని వేదనను ‘నైతిక గాయ’మందురు. అమెరికా మనోవైద్యుడు జోనాథన్ షే, వియత్నాం యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులను గూర్చి 1994లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. శాంతిపర్వమున రాజ్యము చేజిక్కియు అడవులకు పోయెదనన్న ధర్మరాజును ఎరిగిన మనకు ఇది క్రొత్త కాదు.

అంతకంటె ఘోరమైన శంక మరియొకటి: ఈ రోగమును లోనికి తెచ్చినది నేనేనేమో! ఒక్క జీతముతో గడవక రెండుమూడు గృహములలో పనిచేయు ఆయాలెందరో కలరు. రోగము వారి వెంట గృహమునుండి గృహమునకు నడచినది. ఆ నేరము వారిది కాదు, ఆ జీతముది. అయినను రాత్రులు నిద్రపట్టక పొరలినది వారే. చచ్చినవారికై యేడ్చుట బంధువుల హక్కు. ఆయా మరునాడుదయము ఆ పడకనే తుడిచి మరియొకరికి సిద్ధము చేయవలెను.

ఫ్రాన్సులో లియోన్ నగర సమీపమున కోర్బాస్ అను ఊర విలనోవా యను గృహము కలదు. 2020 మార్చి 18 మొదలు మే 4 వరకు, 47 దినములు, తొలుత 29 మంది సిబ్బంది ఇండ్లకు పోక 106 మంది వృద్ధులతో అచ్చటనే యుండి, నేలమీద పరుపులు పరచుకొని పండుకొనిరి. వృద్ధులను గదులలో బంధింపవలసిన పని లేకపోయినది. కోవిడ్ మరణ మొక్కటియు కలుగలేదు. మెచ్చుకొనవలసినదే, కాని చంటిపిల్లల తల్లి ఏడు వారములు వారిని ఎవరి కప్పగించును?

కెనడాలో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వము ఆ సంవత్సరముననే ఒకరు ఒక్క గృహమునందే పనిచేయవలెనని ఆజ్ఞాపించి, తక్కువ జీతములను పెంచినది. కోర్బాసు కథకంటె నాకీ ఆజ్ఞయే యెక్కువ నచ్చినది. ఇందు ఆయా సాయంకాలము తన యింటికి పోవచ్చును.