కొర్రలకు మళ్లీ గిరాకీ

గుత్తి: పొద్దున్నే బస్సు దిగితే మాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఉండాలి. బొరుగులు తడిపి, పిండి, తాలింపులో వేసి పప్పులపొడి చల్లితే ఉగ్గాని తయారు. కర్నూలులో, బళ్లారిలో దొరుకుతుంది. విజయవాడలో అడిగితే నవ్వారు. ఆ పూటకు ఇడ్లీయే గతి అయింది.

ఇంట్లో మా అవ్వ ఏడాదికోసారి, అదీ నేను మారాం చేస్తే, కొర్రన్నం వండేది. పొట్టు పోయేదాకా దంచాలి, చేతులు బొబ్బలెక్కేవి. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక రోకలి మూలన పడిందని చెప్పేది. పండగకే వరన్నం చూసిన మనిషి. ఆ బియ్యాన్ని ఎవరైనా తక్కువ చేస్తే ఊరుకునేది కాదు.

మొన్న డాక్టరు మా అమ్మను చక్కెర వ్యాధికి కొర్రలు తినమన్నాడు. అంగట్లో సన్నబియ్యం కన్నా ప్రియం. "దంచేదెవరురా?" అంది. దంచినవేనమ్మా అన్నాను. నమ్మక, చేటలో పోసుకుని చెరుగుతూ కూర్చుంది.