డీఈహెచ్‌పీ లేదు సరే, దాని స్థానంలో ఏముంది?

సెలైన్ గొట్టం, రక్తం సంచి, నెలలు నిండని బిడ్డకు ముక్కులోంచి పాలు పట్టే సన్నని పైపు చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్‌తోనే తయారవుతాయి. పీవీసీ సహజంగా గట్టిగా ఉంటుంది. ఇంట్లో నీళ్ల పైపులు చేసేది దానితోనే. అది మెత్తబడి వంగాలంటే నూనెలాంటి ద్రవం కలపాలి. దాన్నే ప్లాస్టిసైజర్ అంటారు. దశాబ్దాలుగా ఆసుపత్రి సామగ్రిలో ఎక్కువగా వాడింది డీఈహెచ్‌పీ. రక్తం సంచి బరువులో 30 నుంచి 40 శాతం దాకా అదే ఉంటుంది.

ఈ ద్రవం ప్లాస్టిక్‌లో కలిసి ఉంటుందే తప్ప దానితో రసాయనికంగా ముడిపడదు. కొవ్వు తగిలితే బయటికి వస్తుంది. మామూలు సెలైన్‌లోకి దిగేది చాలా తక్కువ. రక్తంలోకి, కొవ్వు కలిపిన పోషక ద్రవాల్లోకి, కొన్ని క్యాన్సర్ మందుల్లోకి ఎక్కువగా దిగుతుంది. జంతువులపై చేసిన పరీక్షల్లో ఇది వాటి మగపిల్లల్లో వృషణాల ఎదుగుదలను దెబ్బతీసింది. అందుకే మగ శిశువులు, కడుపులో మగబిడ్డ ఉన్న గర్భిణులు, యుక్తవయసుకు వస్తున్న మగపిల్లల విషయంలో, ఈ రసాయనం ఎక్కువగా ఒంట్లోకి చేరే చికిత్సలకు వేరే సామగ్రి వాడాలని 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచించింది. పిల్లల, నవజాత శిశువుల, ప్రసూతి వార్డుల్లో డీఈహెచ్‌పీ గొట్టాలను ఫ్రాన్స్ 2015 జులై నుంచి నిషేధించింది.

మరి బదులుగా వచ్చినవి మంచివేనా? మూడు సంగతులు చూడాలి.

మొదటిది, ఎంత బయటికి వస్తుంది? టీఓటీఎం అనే ప్రత్యామ్నాయ ప్లాస్టిసైజర్ అణువు పెద్దది, అందువల్ల డీఈహెచ్‌పీ కన్నా చాలా తక్కువగా కారుతుంది. డించ్ అనే మరో ప్రత్యామ్నాయం మాత్రం కొవ్వు ద్రవాల్లోకి చెప్పుకోదగ్గంతగానే దిగుతుంది.

రెండోది, ఒంట్లోకి వెళ్లాక ఏమవుతుంది? డీఈహెచ్‌టీ అనే ఇంకో ప్రత్యామ్నాయంలో ఉన్న పరమాణువులు డీఈహెచ్‌పీలో ఉన్నవే, అమరిక వేరు. ఆ తేడా వల్ల శరీరం దాన్ని మరో దారిలో విడగొడుతుంది. డీఈహెచ్‌పీ నుంచి పుట్టే హానికర పదార్థం దీన్నుంచి పుట్టదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ కిలో శరీర బరువుకు రోజుకు డీఈహెచ్‌పీ 50 మైక్రోగ్రాములు మించరాదని 2005లో చెప్పింది. డించ్‌కు 2006లో పెట్టిన పరిమితి 1 మిల్లీగ్రాము, అంటే 20 రెట్లు. కానీ ఇవి తిండితో కడుపులోకి వెళ్లేదానికి పెట్టిన లెక్కలు. నేరుగా రక్తంలోకి చేరేదాన్ని వీటితో కొలవలేం. పైగా నెలలు నిండని బిడ్డకు కాలేయం, కిడ్నీలు ఇంకా పూర్తిగా ఎదగవు, ఒకేసారి నాలుగైదు గొట్టాలు తగిలించి ఉంటాయి. ప్రత్యామ్నాయాలు రోగుల ఒంట్లోకి ఎంత చేరుతున్నాయో చెప్పే సమాచారం చాలదని ఆరోగ్య ముప్పులను పరిశీలించే యూరప్ శాస్త్రీయ సంఘం 2015లో స్పష్టం చేసింది.

మూడోది, పాతది చేసిన పని కొత్తది చేస్తుందా? డీఈహెచ్‌పీ ఎర్రకణాల పొరలో చేరి అవి చిట్లకుండా కాపాడుతుంది. తగిన నిల్వ ద్రావణంతో రక్తం 42 రోజుల దాకా నిలవడంలో దానికీ పాత్ర ఉంది. డించ్ వంటివాటితో చేసిన సంచుల్లో కణాలు ఎక్కువగా చిట్లవచ్చు. అందుకని నిల్వ ద్రావణాన్నీ మార్చి పరీక్షిస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలకు ఆ రక్తం నాణ్యత ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు.

కాబట్టి అన్నిటికీ ఒకే తీర్పు కుదరదు. శిశువుల వార్డు గొట్టాలను మార్చడానికి ఇక ఆగాల్సిన పనిలేదు. టీఓటీఎం వంటివి అందుబాటులో ఉన్నాయి. రక్తం సంచుల విషయంలో మాత్రం కణాలు నిలుస్తాయని రుజువయ్యాకే ముందుకు వెళ్లాలి. ‘డీఈహెచ్‌పీ రహితం’ అని అచ్చువేస్తే సరిపోదు, దాని స్థానంలో ఏం కలిపారో కూడా ప్యాకెట్ మీద రాయాలి. ఇవన్నీ చదివి ఎవరూ రక్తమో సెలైనో వద్దనకూడదు. అవసరమైన చికిత్స ఆగితే వచ్చే ప్రమాదం ప్లాస్టిక్ వల్ల వచ్చేదానికన్నా చాలా పెద్దది. బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉన్న తల్లిదండ్రులు మాత్రం ఈ గొట్టంలో ఏ ప్లాస్టిసైజర్ ఉందని డాక్టర్‌ను అడగవచ్చు. అది వారి హక్కు. అలా అడిగేవారు పెరిగితే కొనుగోలు చేసే ఆసుపత్రులూ తయారీదారులను అదే ప్రశ్న అడుగుతాయి.